వయసు మళ్ళిన పెంపుడు చిలుకల తాత్కాలిక సంరక్షణ: ఆరోగ్య సమస్యలు

నిర్వచనం, పరిధి

యజమాని కాని వ్యక్తి ఒక పెంపుడు చిలుకను కొంతకాలం తన ఇంట్లో ఉంచుకొని, తిండి, నీరు, వైద్యం చూసి, తిరిగి యజమానికో శాశ్వత ఆశ్రయానికో అప్పగించడాన్ని తాత్కాలిక సంరక్షణ అంటారు. ఆ వ్యవధి వారం కావచ్చు, ఏడాది కావచ్చు. యజమాని ఆసుపత్రి పాలవడం, మరణించడం, పని కోసం ఊరు విడవడం దీనికి సాధారణ కారణాలు. ఈ వ్యాసం వయసు మళ్ళిన చిలుకలకు అటువంటి మార్పు సమయంలో బయటపడే జబ్బులు, వాటిని గుర్తించే పద్ధతులు, సంరక్షకులకు సోకగల వ్యాధులను వివరిస్తుంది. స్థానిక పరిస్థితులకు అనంతపురం జిల్లాలోని కళ్యాణదుర్గం ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుంది.

వార్ధక్యం: జాతిని బట్టి

చిలుకల ఆయుర్దాయంలో జాతుల మధ్య తేడా చాలా ఎక్కువ. అంగళ్ళలో ‘లవ్‌బర్డ్స్’ పేరుతో అమ్మే పక్షులు చాలావరకు ఆస్ట్రేలియా జాతికి చెందిన బడ్జరిగార్లు. ఇవి ఐదు నుంచి పదేళ్ళు బతుకుతాయి కాబట్టి ఐదేళ్ళు దాటినదాన్ని ముసలిదిగా చూడాలి. కాకటీల్ 15 నుంచి 20 ఏళ్ళు, రామచిలుక 20 నుంచి 30 ఏళ్ళు బతకగలవు. భుజం మీద ఎర్రమచ్చ ఉండే అలెగ్జాండ్రిన్ చిలుక అంతకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. ఆఫ్రికన్ గ్రే చిలుకలు, మకావ్‌లు (పంచరంగుల చిలుకలు) 40 నుంచి 60 ఏళ్ళ దాకా ఉంటాయి. ఒక్కోసారి పెంచినవారికంటే ఎక్కువ కాలం బతుకుతాయి. తాత్కాలిక సంరక్షణ అవసరమవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

రూపాన్ని చూసి వయసు చెప్పడం కష్టం. మగ రామచిలుక మెడ చుట్టూ గులాబీ, నలుపు వలయం మూడో ఏడు నాటికి పూర్తిగా ఏర్పడుతుంది. ఆ తర్వాత ఐదేళ్ళ పక్షికీ ఇరవై ఏళ్ళ పక్షికీ పైకి తేడా కనపడదు. కళ్ళలో తెల్లటి పొర, కాళ్ళ మీద మందమైన పొలుసులు, కర్ర మీద నిలబడటంలో తడబాటు వంటివి సూచనలే తప్ప రుజువులు కావు. పక్షిశాలల్లో పొదిగించిన విదేశీ చిలుకల కాలికి మూసిన కడియం ఉంటే, దాని మీది సంవత్సరం నమ్మదగిన ఆధారం.

చారిత్రక నేపథ్యం

చిలుకను పెంచే అలవాటు భారతదేశంలో చాలా పాతది. అశోకుడి ఐదో స్తంభశాసనంలో చంపకూడని ప్రాణుల జాబితా చిలుకతో మొదలవుతుంది. తెలుగు ప్రాంతాల్లో చిలుక జోస్యం చెప్పేవారు రెక్కలు కత్తిరించిన రామచిలుకలను చిన్న పెట్టెల్లో ఏళ్ళ తరబడి ఉంచారు. అటువంటి పక్షి స్వాధీనమై సంరక్షణకు వచ్చినప్పుడు ఛాతీ కండరాలు చిక్కిపోయి, ఎగరబోయి కింద పడి రొమ్ము ఎముక మీద గాయాలు చేసుకోవడం సాధారణంగా కనిపించే స్థితి.

పెంపుడు చిలుకల ఆరోగ్యం వైద్యశాస్త్రం దృష్టికి వచ్చింది మొదట మనుషుల జబ్బు ద్వారానే. 1879లో స్విట్జర్లాండ్‌లో యాకోబ్ రిటర్ పంజరపు పక్షులున్న ఇంట్లో వ్యాపించిన ఒక రకం న్యుమోనియాను వర్ణించాడు. తర్వాత దీనికి సిట్టకోసిస్ అనే పేరు స్థిరపడింది. 1929–30లో దక్షిణ అమెరికా నుంచి ఎగుమతైన చిలుకల ద్వారా ఈ వ్యాధి అనేక దేశాలకు పాకింది. 1930 జనవరిలో అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ చిలుకల దిగుమతిని నిషేధించాడు. 1970లలో ఆస్ట్రేలియాలో ముక్కు–ఈకల వ్యాధిని వర్ణించారు. అదే దశకం చివర్లో మకావ్‌లలో గుర్తించిన ‘క్షీణించే వ్యాధి’కి కారణమైన బోర్నావైరస్ 2008లో గానీ బయటపడలేదు. పక్షివైద్యుల అంతర్జాతీయ సంఘం 1980లో అమెరికాలో ఏర్పడింది. చిలుకల వార్ధక్య వైద్యం అంతకంటే కొత్త శాఖ.

చట్ట పరిధి

ఆరోగ్యం సంగతికి ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. రామచిలుక సహా దేశీయ చిలుక జాతులన్నిటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తుంది. 2022లో చేసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన సవరణ తర్వాత రామచిలుక రెండో షెడ్యూల్‌లో ఉంది. దాన్ని ఇంట్లో పెంచడమే నేరం. కాబట్టి కొద్దిరోజులకైనా సరే, ఇరుగుపొరుగు మాట మీద రామచిలుకను ఉంచుకోకూడదు. అటవీశాఖకు తెలిపి, వారు చెప్పినట్లు నడచుకోవాలి. ఇన్నేళ్ళు పంజరంలో ఉన్న ముసలి చిలుకను జాలితో తెరచి వదిలేయడం దానికి మేలు చేయదు. తిండి వెతకడం తెలియని, రెక్కల్లో బలం లేని పక్షి కాకులకు, పిల్లులకు చిక్కుతుంది. దానికున్న వ్యాధులు అడవి గుంపులకు అంటుకుంటాయి.

ఆఫ్రికన్ గ్రే, మకావ్ వంటి విదేశీ జాతులను 2024 నాటి సజీవ జంతుజాతుల నమోదు నియమాల కింద నమోదు చేయించాలి. ఆఫ్రికన్ గ్రేకు 2017 నుంచి వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందంలో అత్యున్నత స్థాయి రక్షణ ఉంది. పక్షితోపాటు నమోదు పత్రం నకలు, పాత వైద్య పత్రాలు తీసుకోవడం సంరక్షకుడి మొదటి పని.

కళ్యాణదుర్గం ప్రాంత పరిస్థితులు

కళ్యాణదుర్గం దక్కన్ పీఠభూమిలో వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉంది. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలిమరలు తిప్పే బలమైన పొడిగాలులు దుమ్మును ఇళ్ళలోకి తెస్తాయి. ప్రధాన పంట వేరుశనగ. వానలు తప్పిన ఏడు బెంగళూరు వైపు వలసలు ఎక్కువ. ఇల్లు మూసుకొని పోయేవారు కోళ్ళను అమ్మేస్తారు, గొర్రెలను బంధువులకు అప్పగిస్తారు. చిలుక మాత్రం పంజరంతో సహా పక్కింటికి చేరుతుంది. తీసుకున్నవారికి దాని గతం గురించి తెలిసేది చాలా తక్కువ.

ఈ నాలుగు అంశాలు, అంటే వేడి, దుమ్ము, శెనక్కాయలు, గతం తెలియకపోవడం, కింద చెప్పే జబ్బుల్లో చాలావాటి తీవ్రతను నిర్ణయిస్తాయి.

జబ్బును దాచే స్వభావం

చిలుక వేటాడబడే ప్రాణి. గుంపులో నీరసంగా కనపడినది ముందుగా డేగకు చిక్కుతుంది కాబట్టి జబ్బు చేసినా చివరిదాకా మామూలుగా కనపడటం దాని స్వభావం. తింటున్నట్లు గింజలు కొరికి పొట్టు రాలుస్తుంది, మింగదు. ఈకలు ఉబ్బి ఉంటాయి కాబట్టి చిక్కిన ఒళ్ళు కనపడదు. పగటిపూట పంజరం అడుగున కూర్చున్న చిలుకను చూసి అలిగిందనుకుంటారు. నిజానికి అది అత్యవసర స్థితి.

రోజూ చూసే యజమాని చిన్న మార్పును కూడా పసిగట్టగలడు. కొత్త సంరక్షకుడికి ఆ పక్షి మామూలు స్థితి ఏమిటో తెలియదు. తాత్కాలిక సంరక్షణలో అసలు ప్రమాదం ఏ ఒక్క వ్యాధీ కాదు, ఈ తెలియకపోవడమే. అందుకే అప్పగించేటప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి: ఏం తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఏ కాలితో పట్టుకుంటుంది, గుడ్లు పెట్టిందా, ఇంతకుముందు ఏ మందులు వాడారు, ఇంట్లో వేరే పక్షి ఏదైనా ఈ మధ్య చనిపోయిందా. చివరి ప్రశ్నను చాలామంది అడగరు. అంటువ్యాధుల విషయంలో అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చేది అదే.

తూకం, రెట్ట

గ్రాము వరకూ చూపే వంటింటి డిజిటల్ త్రాసు సంరక్షకుడికి అత్యంత ఉపయోగకరమైన సాధనం. రోజూ ఉదయం తిండి పెట్టక ముందు, రెట్ట వేసిన తర్వాత తూచి రాసుకోవాలి. రామచిలుక సుమారు 110 నుంచి 140 గ్రాములు, కాకటీల్ 80 నుంచి 100, బడ్జరిగార్ 30 నుంచి 40, ఆఫ్రికన్ గ్రే 400 నుంచి 500 గ్రాములు తూగుతాయి. బరువులో పదోవంతు తగ్గితే వెంటనే వైద్యం అవసరం. 120 గ్రాముల పక్షికి పదోవంతు అంటే 12 గ్రాములు. కంటికి అది ఆనదు. రొమ్ము ఎముకకు ఇరుపక్కలా వేలితో తడిమితే కండ నిండుగా ఉందో, ఎముక కత్తి అంచులా తగులుతోందో తెలుస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న చిలుక రెట్టలో మూడు భాగాలుంటాయి: ఆకుపచ్చ లేదా గోధుమ రంగు మలం, సున్నంలా తెల్లటి యూరేట్లు, చుట్టూ పారదర్శకమైన నీరు. తెల్లటి భాగం పసుపు లేదా పచ్చ రంగుకు మారితే కాలేయ వ్యాధిని అనుమానించాలి. నీటి భాగం అదేపనిగా ఎక్కువైతే మూత్రపిండాల జబ్బు, మధుమేహం వంటివి పరీక్షించాలి. జామ, బొప్పాయి తిన్న రోజున నీళ్ళు ఎక్కువ కావడం సహజం. అరగని గింజలు రెట్టలో కనపడితే, కందనకాయకు ముందుండే జీర్ణాశయం బోర్నావైరస్ వల్ల సాగిపోయి ఉండవచ్చు. పంజరం అడుగున పాత వార్తాపత్రిక పరిస్తే ఇవన్నీ స్పష్టంగా కనపడతాయి. ఊక, ఇసుక వేస్తే కనపడవు.

వయసుతో వచ్చే ప్రధాన వ్యాధులు

ముసలి చిలుకల్లో కనపడే జబ్బుల్లో ఎక్కువ భాగం ముసలితనం తెచ్చినవి కావు, అన్నేళ్ళ తిండి తెచ్చినవి. పొద్దుతిరుగుడు, వేరుశనగ పప్పుల్లో సగం దాకా నూనే. వీటిలో విటమిన్ ఎ దాదాపు ఉండదు, కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. ఎగరకుండా పంజరంలో కూర్చున్న పక్షి ఏళ్ళ తరబడి ఇవే తింటే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. ముక్కు వేగంగా, వంకరగా పెరగడం, ఈకల మీద నల్లటి మచ్చలు, ఛాతీ మీద కొవ్వు గడ్డలు దీనికి సూచనలు. ఆఫ్రికన్ గ్రే, అమెజాన్ చిలుకల్లో గుండె నుంచి వచ్చే రక్తనాళాలు గట్టిపడే వ్యాధి కూడా సాధారణం. కొద్దిగా ఎగరగానే ఎగశ్వాస, కాళ్ళలో బలహీనత, ఉన్నట్టుండి పడిపోవడం దాని లక్షణాలు.

విటమిన్ ఎ లోపం వల్ల నోటి లోపలి పొర, శ్వాసమార్గం, మూత్రపిండాల నాళాల పొరలు గట్టిపడతాయి. నోట్లో తెల్లటి బొబ్బలు, ముక్కు రంధ్రాల దగ్గర గడ్డకట్టిన స్రావం, కళ్ళ కింద వాపు కనపడతాయి. అలా దెబ్బతిన్న శ్వాసకోశంలో ఆస్పర్‌జిల్లస్ బూజు సులభంగా పాతుకుంటుంది. గొంతు మారడం, కూత తగ్గడం ఈ బూజు వ్యాధికి తొలి సూచన కావచ్చు. వేసవిలో వాడే ఎయిర్‌కూలర్ల గడ్డిమెత్తల్లో నిలవ నీటి వల్ల బూజు పెరుగుతుంది కాబట్టి కూలర్ గాలి నేరుగా పంజరానికి తగలకూడదు.

మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు యూరిక్ ఆమ్లం కీళ్ళలో తెల్లటి గడ్డలుగా పేరుకునేది గౌట్. కీళ్ళవాతం ఉన్న పక్షి ఒకే కాలి మీద ఎక్కువసేపు నిలబడుతుంది, కర్ర మారడానికి వెనకాడుతుంది. ఒకే మందం ఉన్న నున్నటి గొట్టం లేదా ప్లాస్టిక్ కర్ర మీద ఏళ్ళ తరబడి నిలబడితే అరికాళ్ళు పుండ్లు పడతాయి. వేప, జామ కొమ్మలను బెరడుతో సహా వేర్వేరు మందాల్లో, తక్కువ ఎత్తులో అమర్చాలి. కంటి శుక్లం ఉన్న చిలుకకు చూపు లేకపోయినా తన పంజరంలో తడబడదు, ఎక్కడేముందో దానికి గుర్తు. గిన్నెల చోటు మార్చిన రోజున ఆకలితో కూర్చుంటుంది.

ఆడపక్షులు మగజత లేకపోయినా గుడ్లు పెడతాయి. కాల్షియం తక్కువైన పక్షికి గుడ్డు లోపల ఇరుక్కుపోతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆఫ్రికన్ గ్రేలలో కాల్షియం తగ్గి మూర్ఛలు రావడం ప్రత్యేకంగా గుర్తించిన సమస్య. బడ్జరిగార్లలో మూత్రపిండాల, బీజాశయాల కణుతులు ఎక్కువ. ఒక కాలు అకారణంగా కుంటుపడితే ఆ కణితి నరాన్ని నొక్కుతుండవచ్చు.

వేరుశనగ, అఫ్లటాక్సిన్ (చూ. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్)

కళ్యాణదుర్గం ప్రాంతంలో చిలుకకు శెనక్కాయలు వేయడం చాలా మామూలు విషయం. ఇక్కడ ప్రత్యేకంగా చర్చించవలసిన విషయమూ అదే.

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణం తెలియని జబ్బుతో చచ్చిపోయాయి. బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ పిండిలో పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసిన విషమే కారణమని తేలింది. ఆ విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అంటే ఈ విషం శాస్త్రానికి తెలిసిందే పక్షుల మరణాల ద్వారా. ఇది ప్రధానంగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అప్పటికే కొవ్వు పట్టిన కాలేయంతో ఉన్న ముసలి చిలుక కొద్ది మోతాదునూ తట్టుకోలేదు.

ఈ బూజు నిలవలోనే పుడుతుందనుకోవడం పొరపాటు. పంట చివరిదశలో వాన లేక, నేల వేడెక్కి, కాయ బెట్టకు గురైనప్పుడు పొలంలోనే సోకుతుంది. అనంతపురం వంటి కరువు ప్రాంతపు వేరుశనగకు ఈ ముప్పు ఎక్కువ. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ ఈ సమస్య మీద దీర్ఘకాలంగా పరిశోధనలు చేస్తోంది. ముడతలు పడ్డ, రంగు మారిన, పగిలిన, పురుగు తొలిచిన పప్పులో విషం ఎక్కువగా ఉంటుంది. అమ్మకానికి పనికిరాదని ఏరివేసిన ఆ పప్పే పెరటి కోళ్ళకు, చిలుకలకు వేస్తే విషాన్ని ఏరి పెట్టినట్లే అవుతుంది. వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. బూజు కంటికి కనపడకపోయినా విషం ఉండవచ్చు. చిలుకకు వేరుశనగ ఇవ్వాలనుకుంటే మనుషులు తినే మేలురకం పప్పు, అదీ ఎప్పుడో ఒకటి రెండు చాలు. మానేసినా పక్షికి నష్టం లేదు.

ఆహారం మార్పు

ప్రత్యామ్నాయాలు ఈ నేలలోనే పండుతాయి. కొర్ర, సజ్జ, జొన్నల్లో నూనె తక్కువ. మునగాకు, క్యారెట్, గుమ్మడి, పండుమిరప విటమిన్ ఎ లోపాన్ని పూడుస్తాయి. మిరప కారం పక్షుల నోటికి తగలదు. మొలకెత్తిన పెసలను రెండు గంటల తర్వాత గిన్నెలో ఉంచకూడదు, వేసవిలో త్వరగా పాడవుతాయి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, ఉప్పు వేసిన చిరుతిళ్ళు విషతుల్యం. ఇంట్లో మనుషులు తాగే నీళ్ళే చిలుకకూ పోయాలి. ఈ జిల్లా బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ.

అయితే మంచి తిండి పెట్టాలన్న ఆరాటంతో పాత గింజలను ఒక్కరోజులో ఆపేయడం సంరక్షకులు చేసే ప్రమాదకరమైన పని. ఇరవై ఏళ్ళుగా పొద్దుతిరుగుడు గింజలే ఎరిగిన చిలుకకు క్యారెట్ ముక్క తిండిలా తోచదు. పస్తుంటుంది. కొవ్వు పట్టిన కాలేయమున్న పక్షికి పస్తు ప్రాణాంతకం. ఉండేది నెల రోజులే అయితే బూజు అనుమానమున్నవి తప్ప పాత తిండిని కొనసాగిస్తూ, కొత్తవి పక్కన పెట్టి చూపడం మేలు.

అంటువ్యాధులు, సంరక్షకుల ఆరోగ్యం (చూ. సిట్టకోసిస్)

కొత్తగా వచ్చిన చిలుకను ఇంట్లో ఉన్న పక్షులకు దూరంగా, వేరే గదిలో 30 నుంచి 45 రోజులు ఉంచాలి. ముందు సొంత పక్షులకు, తర్వాత దానికి తిండి పెట్టి చేతులు కడుక్కోవాలి. ముక్కు–ఈకల వ్యాధి, బోర్నావైరస్, హెర్పిస్ జాతికి చెందిన పచెకో వ్యాధి పైకి ఆరోగ్యంగా ఉన్న పక్షి నుంచి కూడా సోకుతాయి.

సిట్టకోసిస్‌కు కారణం క్లమిడియా సిట్టసి అనే బాక్టీరియా. దీన్ని ఏళ్ళ తరబడి లోపల దాచుకున్న చిలుక చోటు మారిన ఒత్తిడిలో మళ్ళీ రెట్టలో, ముక్కు స్రావంలో విసర్జించడం మొదలుపెడుతుంది. కాబట్టి తాత్కాలిక సంరక్షణ తొలి వారాలే ఎక్కువ ప్రమాదం. ఎండిన రెట్ట దుమ్ముగా లేచి ఊపిరిలోకి వెళ్తే మనుషులకు సోకుతుంది. సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, పొడిదగ్గు వస్తాయి. ఇవి వచ్చినప్పుడు ఇంట్లో చిలుక ఉన్న సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. చెప్పకపోతే మామూలు జ్వరంగా భావించే అవకాశం ఎక్కువ. డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. పక్షులకు అదే మందును పశువైద్యుడి పర్యవేక్షణలో 45 రోజులు ఇస్తారు. పంజరాన్ని పొడి చీపురుతో ఊడ్వకుండా, నీళ్ళు చల్లి తుడవాలి. ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, వృద్ధులు ఈ పని చేయకపోవడం మంచిది. ఈకల పొడి వల్ల కొందరికి క్రమంగా ఊపిరితిత్తుల అలర్జీ వ్యాధి కూడా వస్తుంది.

ఎండ, గాలి, పొగ

చిలుకకు చెమట పట్టదు. ప్రధానంగా ముక్కు తెరచి రొప్పడం ద్వారా ఒంటి వేడిని వదులుతుంది. రొప్పుతూ, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకొని, ఈకలు అణచుకొని నిలబడితే వడదెబ్బ మొదలైనట్లే. గుండె, కాలేయం బలహీనపడ్డ ముసలి పక్షిలో ఇది వేగంగా ముదురుతుంది. వెంటనే నీడకు తెచ్చి, కాళ్ళు, రెక్కల లోపలి భాగం చల్లని నీటితో తడపాలి. ఐసునీళ్ళు వాడకూడదు, నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకూడదు. రేకుల ఇళ్ళలో మధ్యాహ్నం పైకప్పు కింద వేలాడే పంజరానికి నేలమీదికంటే ఎక్కువ వేడి తగులుతుంది. పంజరాన్ని కిందికి దించి, కిటికీకి తడి గోనెపట్టా కట్టడం పనిచేస్తుంది. దీనికి విరుద్ధంగా, జబ్బుపడ్డ చిలుకకు డిసెంబరు, జనవరి రాత్రుల్లో 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి.

పక్షి ఊపిరితిత్తులకు గాలి సంచులు తోడుండటం వల్ల గాలిలోని విషం త్వరగా ఒంటికి పడుతుంది. మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ నిమిషాల్లో చంపగలదు. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్, బీడీ పొగ ఉన్న గదిలో పంజరం ఉంచకూడదు. కొత్త జింకుపూత పంజరాన్ని కొరికే చిలుకకు జింకు విషం ఎక్కుతుంది కాబట్టి ముందుగా వెనిగర్‌తో రుద్ది కడగాలి.

మానసిక ఒత్తిడి

చిలుక ఒక మనిషితో జతకడుతుంది. ఆ మనిషి దూరమైనప్పుడు తిండి మానడం, అరవడం, ఈకలు పీక్కోవడం జరుగుతాయి. ఈకలు పీక్కోవడాన్ని బెంగగా తేల్చే ముందు కాలేయ వ్యాధి, చర్మ వ్యాధి, ముక్కు–ఈకల వ్యాధి లేవని నిర్ధారించాలి. పాత పంజరం, పాత గిన్నెలు, అలవాటైన నిద్రవేళ (రోజుకు 10 నుంచి 12 గంటల చీకటి) కొనసాగించడం ఒత్తిడిని తగ్గిస్తుంది. తొలిరోజుల్లో చేతితో పట్టుకొనే ప్రయత్నం మానాలి. చిలుక ఊపిరి తీసుకోవాలంటే రొమ్ము ఎముక ముందుకు కదలాలి. భయంతో పెనుగులాడే పక్షి ఛాతీని గట్టిగా పట్టుకుంటే ఊపిరాడక చనిపోతుంది.

వైద్యం అందుబాటు

ఈ ప్రాంతపు పశువైద్యశాలల పని ప్రధానంగా గొర్రెలు, మేకలు, పశువులకు సంబంధించినది. ప్రత్యేక పరీక్షలు అవసరమైతే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ కళాశాల, లేదా బెంగళూరులోని పక్షివైద్యులు దిక్కు. రెండూ గంటల ప్రయాణం. కాబట్టి పక్షి వచ్చిన వారంలోనే, ఆరోగ్యంగా కనపడుతున్నప్పుడే స్థానిక పశువైద్యుడికి చూపి, ఆయన ద్వారా నిపుణుడితో ఫోన్ పరిచయం చేసుకోవడం అత్యవసర సమయంలో విలువైన గంటలను ఆదా చేస్తుంది. ప్రయాణంలో గుడ్డ కప్పిన చిన్న పెట్టెలో, కర్ర లేకుండా, అడుగున తువ్వాలు వేసి, తెల్లవారుజామున తీసుకెళ్ళాలి.

రక్తపరీక్షకు ఒంటి బరువులో ఒక శాతానికి మించి రక్తం తీయరు. 120 గ్రాముల చిలుకకు అది సుమారు 1.2 మిల్లీలీటర్లు మాత్రమే. కోళ్ళ మందుల అంగడిలో దొరికే యాంటీబయాటిక్ పొడిని నీళ్ళలో కలపడం చాలాచోట్ల ఉన్న అలవాటు. దీనివల్ల మోతాదు తెలియదు. రుచి మారిన నీటిని పక్షి తాగడం మానేస్తే వేసవిలో అదే ప్రాణం తీస్తుంది. అసలు జబ్బు కూడా పరీక్షలకు దొరకకుండా పోతుంది.

తిరిగి అప్పగింత, మరణం

అప్పగించేటప్పుడు రోజువారీ తూకాల పట్టిక, ఇచ్చిన మందులు, తిన్న తిండి, కనపడిన మార్పులు రాసి ఇవ్వాలి. యజమాని ఇంట్లో వేరే పక్షులుంటే అక్కడ మళ్ళీ విడిగా ఉంచే వ్యవధి పాటించాలి. సంరక్షణలో ఉండగా చిలుక మరణిస్తే కళేబరాన్ని సబ్బునీళ్ళతో తడిపి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఫ్రీజర్‌లో కాకుండా మంచుపెట్టెలో లేదా ఫ్రిజ్‌లో తిండి పదార్థాలకు దూరంగా ఉంచి, ఒక రోజులోగా శవపరీక్షకు పంపాలి. గడ్డకట్టిన కణజాలంలో మార్పులు గుర్తించడం కష్టం. కారణం సిట్టకోసిస్ అని తేలితే ఆ ఇంట్లో మనుషులకు, మిగతా పక్షులకు పరీక్షలు చేయించాలి. నమోదైన విదేశీ జాతి అయితే మరణాన్ని అటవీశాఖకు తెలపాలి.